ఎడమకి రెండు

మార్చి 3, ఆదివారం

లాగ్‌బుక్‌లో అంకెలే రాయాలని అన్నయ్య రూలు. ఎంత దూరం, ఎన్ని బుల్లెట్లు, ఎక్కడ పడ్డాయి, అంతే. "కథలు రాయకురా" అంటాడు. ఆ బుక్కు అన్నయ్య తిరగేస్తూ ఉంటాడు కాబట్టి కథలకి ఈ డైరీ కొన్నాను. దీన్ని ఎవరూ చూడరు. చూస్తే నా గతి ఏమిటో అప్పుడు ఆలోచిద్దాం.

ఈరోజు మూడు వందల మీటర్ల బోర్డు మీద ఇరవై బుల్లెట్లు కాల్చాను. పదిహేడు ఎడమపక్కన పడ్డాయి. చెల్లాచెదురుగా కూడా కాదు. అన్నీ ఒకే చోట, గుప్పెట్లో పట్టేంత గుంపుగా, నల్లచుక్కకి ఎడమగా ఆరు సెంటీమీటర్ల దూరంలో. అడ్డదిడ్డంగా పడితే ఒంట్లో బాగాలేదనుకుని ఊరుకునేవాణ్ణి. ఇంత చక్కగా తప్పు చోట పడటానికే ఒళ్లు మండుతోంది.

పద్ధతి ఎప్పటిదే. నేను బోర్లా పడుకుని రైఫిల్ పట్టుకుంటాను. అన్నయ్య పక్కన స్టూలు మీద కూర్చుని, దారి పొడుగునా పాతిన గాలిజెండాల్ని పెద్ద దుర్భిణిలోంచి చూసి, రైఫిల్ మీదున్న స్కోప్ ఎటు ఎంత తిప్పాలో చెప్తాడు. ఈరోజు "ఎడమకి రెండు" అన్నాడు. స్కోప్ పక్కనున్న నాబ్ ఎడమకి రెండు క్లిక్కులు తిప్పాను. ఆ దూరంలో క్లిక్కుకి మూడు సెంటీమీటర్లు. బుల్లెట్ ఎడమకి ఆరు పడింది.

స్కోప్ పాతబడింది. ఎనిమిదేళ్లు వాడాను, లోపల ఏదో అరిగి ఉంటుంది. మేమిద్దరం కలిసి దిగే జోడీ పోటీ ఏప్రిల్ 28న. ఈలోపు మార్చాలి.

మార్చి 5, మంగళవారం

యార్డుకి ఇనుప దూలాల లారీలు వరసగా మూడు వచ్చాయి. అన్నయ్య పైన క్రేన్ కేబిన్‌లో, నేను కింద గొలుసులు తగిలించి సైగలు చేస్తూ. పన్నెండేళ్లుగా ఇదే మా బతుకు. ఆదివారం అన్నయ్య చెప్తే నేను తిప్పుతాను, మిగతా రోజుల్లో నేను చెయ్యి ఊపితే అన్నయ్య తిప్పుతాడు. అన్నయ్య క్రేన్ ఎక్కిన ఇరవై రెండేళ్లలో ఒక్క మనిషికి గీత కూడా పడలేదని మేనేజరు కొత్తగా చేరినవాళ్లకి అన్నయ్యని గొప్పగా చూపిస్తుంటాడు.

రెండో లారీ దగ్గర వేళ్లతో "మెల్లగా" అన్నాను. దూలం మెల్లగా రాలేదు. పిడికిలి పట్టి "ఆపు" అన్నాను. ఆగలేదు. చెయ్యి మొత్తం ఎత్తి ఊపితే అప్పుడాగింది, నా భుజానికి జానెడు దూరంలో. ఆ దూలం రెండు టన్నులు. మనిషి మీద పడితే గోనెసంచిలో ఎత్తుకుపోవాలి.

ఎవరూ చూడలేదు. పొద్దున పూట షెడ్డులోకి ఎండ ఏటవాలుగా వచ్చి సరిగ్గా కేబిన్ అద్దానికి కొడుతుంది. అలాంటప్పుడు ఎవరికి మాత్రం కనపడుతుంది?

రేపట్నుంచి చేతులు పెద్దగా ఊపాలి.

మార్చి 9, శనివారం

స్కోప్ కొట్టు. నాలాంటివాడు వెళ్లకూడని చోటు.

షాపాయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, "మధ్యరకమా సార్?" అన్నాడు. మొహమ్మీద రాసుందా అనడిగాను. "మధ్యరకం వాళ్లే లోపలికొచ్చే ముందు బయట పది నిమిషాలు నిలబడతారు" అన్నాడు. "చవకది కొనేవాడికి వేరే దారి లేదు, ఖరీదైనది కొనేవాడికి వేరే పని లేదు. ఆలోచన అంతా మీదే." నవ్వు రాకపోయినా నవ్వాను.

మూడు బల్ల మీద పెట్టాడు. మొదటిదాని నాబ్ తిప్పుతుంటే వేలికి క్లిక్కు తగిలీ తగలనట్టుంది, కానీ అద్దం మాత్రం నీళ్లలా ఉంది. ఎదురు వీధిలో మంగలి షాపు గోడమీద కత్తెర బొమ్మకి మరమేకు కూడా కనపడింది. రెండోదాని క్లిక్కులు తాళంచెవి తిరిగినట్టు గట్టిగా, లెక్కగా ఉన్నాయి. అద్దమే కాస్త చీకటి. మూడోది రెండూ బాగున్నాయి గానీ బరువు చూస్తే పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టుంది.

"మీకు కనపడటం ముఖ్యమా, తిరగటం ముఖ్యమా?" అన్నాడు.

తిరగటం అన్నాను. నాకు తేడా వస్తున్నది నాబ్ తిరగటంలోనే. రెండు తిప్పితే ఆరు సెంటీమీటర్లు పక్కకి పోతోంది.

"రెండు తిప్పితే ఆరే కదండీ పోవాలి" అన్నాడు షాపాయన.

అవును. కానీ గాలి దాన్ని మళ్లీ మధ్యకి తేవాలి కదా. ఆ మాట ఆయనతో అనలేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

మార్చి 10, ఆదివారం

"ఎడమకి రెండు." మళ్లీ ఎడమకి ఆరు. స్కోపే.

మార్చి 13, బుధవారం

డ్యూటీ దిగాక తుపాకుల మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. రైఫిల్‌ని బిగించి, కాగితం మీద గీసిన గళ్లని స్కోప్‌లోంచి చూస్తూ, వంద క్లిక్కులు ఎడమకి, వంద వెనక్కి తిప్పాడు. పైకి, కిందకి. అరగంట చేశాడు. చివరికి స్కోపులోని గురిగీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"దీనికి ఏ రోగమూ లేదు బాబూ" అన్నాడు. "వెనకున్న మనిషిని చూపించుకోమను."

వెనకున్నది నేను. సరే, చూపించుకుంటాను.

అయినా బిగించి తిప్పితే అన్నీ బుద్ధిగానే ఉంటాయి. కాల్చినప్పుడు ఆ దెబ్బకి లోపల కదులుతుందేమో. అది మేస్త్రీ చూడలేదుగా.

మార్చి 16, శనివారం

కళ్ల డాక్టరు దగ్గర గంటన్నర కూర్చున్నాను. ఆవిడ చుక్కలు వేసి, లైటు కొట్టి, అక్షరాలు చదివించింది. ఆఖరి వరస కూడా గడగడా చదివేశాను. "ఈ కళ్లు పెట్టుకుని ఎందుకొచ్చారు?" అంది. బుల్లెట్లు పక్కకి పోతున్నాయని చెప్పాను. ఆవిడ నా వంక అదోలా చూసింది. పోటీ షూటింగని చెప్పేదాకా కుర్చీ కాస్త వెనక్కే జరుపుకుని కూర్చుంది.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఎవరికైనా ఎదురుగా ఉన్నది కనపడక, మెడ పక్కకి తిప్పి చూస్తే కనపడుతుందా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు. ఎవరికి అంది. ఊరికే అన్నాను. "ఊరికే అయితే సరే. లేకపోతే వెంటనే తీసుకురండి, ఆలస్యం చెయ్యకూడదు" అంది.

అన్నయ్య ఈమధ్య మెడ వంచి చూస్తున్నాడు. కేబిన్ కుర్చీ పాతది, మెడ పట్టేసి ఉంటుంది.

మార్చి 17, ఆదివారం

అన్నయ్యకి జ్వరం. నేనొక్కణ్ణే షూటింగ్ రేంజికి వెళ్లాను. జెండాలు నేనే చూసుకుని, లేచి, పడుకుని, మళ్లీ లేచి, నడుం విరిగింది. ఇరవైలో పందొమ్మిది నల్లచుక్కలో పడ్డాయి. పాత స్కోపుతోనే.

రేంజ్ చూసుకునే పెద్దాయన బోర్డు చూసి, "మీ అన్న లేకపోతే బాగా కాలుస్తున్నావే" అని వెక్కిరించాడు. మామూలుగా అయితే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ణి.

గాలి లేదు. గాలి లేని రోజు ఎవడైనా కొడతాడు. లాగ్‌బుక్‌లో "గాలి లేదు" అనే రాశాను.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య దుప్పటి కప్పుకుని, "ఎన్నిరా?" అన్నాడు. పన్నెండు అని చెప్పాను.

మార్చి 20, బుధవారం

వదిన బస్సులో కండక్టరు. పొద్దున షిఫ్టు అయిపోయి ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చుని పేపరు పైకి చదువుతోంది. అన్నయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు.

అన్నయ్య స్నానానికి లేచాక, "ఏంటి వదినా, వార్తలు చదివి వినిపించే ఉద్యోగం కూడా చేస్తున్నావా?" అన్నాను.

"మీ అన్నకి ఇన్నాళ్లకి నా గొంతు మీద మనసైంది మరిదీ" అంది. "రెండు నెలల్నించీ నువ్వే చదువు, నువ్వు చదివితే బాగుంటుంది అంటున్నాడు. పెళ్లైన కొత్తలో కూడా ఇన్ని మాటలు చెప్పలేదు. నువ్వేం దిష్టి పెట్టకు."

ఆమె మొహం వెలిగిపోతోంది. నేను టీ గ్లాసు తీసుకుని వెనకగదిలోకి వచ్చేశాను. తాగలేకపోయాను. వదినకి చెప్పాల్సింది. ఏం చెప్పాలి? నా దగ్గర ఏముంది చెప్పడానికి? ఎడమకి పడుతున్న బుల్లెట్లు తప్ప.

మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అన్నయ్య చదువు మానేసి ఆ యార్డులో చేరాడు. మొదటి జీతంతో నాకు బూట్లు కొన్నాడు, తను రెండేళ్లు చెప్పుల్తో తిరిగాడు. పైనుంచి కిందకి చూసినప్పుడే అన్నయ్య మనిషిలా ఉంటాడు. నేల మీద ఉంటే ఏం చెయ్యాలో తెలీక చేతులు జేబుల్లో పెట్టుకుంటాడు. ఆ క్రేన్ తీసేస్తే అన్నయ్యలో ఏం మిగులుతుంది?

నేనిదంతా ఎందుకు రాస్తున్నాను? స్కోప్ సంగతి తేల్చుకోవాలి.

మార్చి 23, శనివారం

కొన్నాను. మొదటిది, అద్దం బాగున్నది. షాపాయన ఆశ్చర్యపోయాడు. "తిరగటం ముఖ్యమన్నారు?" అన్నాడు. కనపడితే మిగతాది నేను చూసుకుంటానన్నాను.

కొన్నాక కూడా రెండోది కొనాల్సిందేమో అనిపిస్తోంది. దారంతా, ఇంటికొచ్చాకా, ఇప్పుడూ.

మార్చి 24, ఆదివారం

కొత్త స్కోప్ బిగించి, వంద మీటర్ల దగ్గర గురి సరిచేసుకుని, మూడు వందల దగ్గరికి వెళ్లాం. అన్నయ్యకి నాకంటే ఎక్కువ హుషారుగా ఉంది. స్కోపుని పట్టుకుని తడిమి తడిమి చూశాడు. "గాజు బాగుందిరా" అన్నాడు. కంటికి ఆనించుకోకుండానే అన్నాడు.

పడుకున్నాను. పాత స్కోపులో జెండాలు ఎర్ర మరకల్లా ఉండేవి. ఇందులో కుట్లు కూడా కనపడుతున్నాయి. సగం దారిలో ఉన్న జెండా కర్రకి అతుక్కుపోయి వేలాడుతోంది. దాని వెనకది కూడా. చివరిదీ అంతే.

"ఎడమకి రెండు" అన్నాడు అన్నయ్య.

"గాలి ఉందా?" అన్నాను.

"లేకపోతే ఎందుకు చెప్తాను? పొద్దున పూట ఇక్కడ ఎప్పుడూ ఎడమ నుంచే కదా."

ఎప్పుడూ. అన్నయ్య జెండా చూసి చెప్పడం లేదు. అలవాటు కొద్దీ చెప్తున్నాడు.

ఎడమకి రెండు తిప్పాను. ఎడమకి ఆరు పడింది. "ఎక్కడ పడింది?" అన్నాను. "బాగుంది, బాగుంది, కానియ్" అన్నాడు.

మార్చి 26, మంగళవారం

యార్డులో ఏమీ కాలేదు. చేతులు నొప్పి. సాయంత్రానికి భుజాలు పైకి లేవడం లేదు. గొలుసు తగిలించేవాడివా, డాన్సు మాస్టరువా అని లారీ డ్రైవరొకడు నవ్వాడు.

మార్చి 31, ఆదివారం

ఈరోజు ఒక పని చేశాను.

అన్నయ్య "ఎడమకి రెండు" అన్నాడు. నేను నాబ్ మీద చెయ్యి వేసి, నోటితో చిన్నగా చప్పుడు చేసి, "తిప్పాను" అన్నాను. తిప్పలేదు. జెండాలు నేనే చూసుకుని కాల్చాను. ఇరవైకి పద్దెనిమిది. రేంజ్ పెద్దాయన బోర్డు దగ్గర్నుంచి గట్టిగా చదివాడు.

అన్నయ్య లేచి నా వీపు మీద చరిచాడు. "చూశావా? స్కోప్ మారిస్తే అంతా మారింది. నా మాట ఎక్కడికి పోతుందిరా?" అన్నాడు. ఇంటికొచ్చేదాకా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. దారిలో వదినకి ఫోన్ చేసి చెప్పాడు.

ఇలా ఏప్రిల్ 28 గడిచిపోతే చాలు. తర్వాత ఏదో ఒకటి చెయ్యచ్చు. ఆదివారం ఇలా, యార్డులో చేతులు పెద్దగా. ఎవరికీ నష్టం లేదు. నేను కింద ఉన్నంతకాలం ఎవరికీ నష్టం లేదు.

ఏప్రిల్ 4, గురువారం

అక్షరాలు కుదురుగా రావడం లేదు.

మధ్యాహ్నం ఇనుప చువ్వల కట్ట. లారీ మీదకి దించాలి. డ్రైవరు పైనెక్కి తాడు సర్దుకుంటున్నాడు. నేను రెండు చేతులూ చాచి "ఆపు" అన్నాను. ఇంతకంటే పెద్ద సైగ మనిషికి చేతకాదు. కట్ట వస్తూనే ఉంది. నేను అరిచాను. డ్రైవరు చూసుకుని అవతలిపక్కకి దూకేశాడు. కట్ట అతను నిలబడిన చోట పడింది. లారీ పక్కతలుపు రేకులా వంగిపోయింది. డ్రైవరుకి మోకాలు కొట్టుకుపోయింది, అంతే. అంతే అని రాయడానికి సిగ్గుగా ఉంది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. అన్నయ్య మెట్లు దిగి వచ్చాడు. మొహం పాలిపోయింది. ఏం జరిగింది అని మేనేజరు అడిగాడు. అన్నయ్య నోరు తెరిచాడు.

"నా సైగ తప్పు సార్" అన్నాను. "దించమన్నాను. నేను డ్రైవర్ని చూసుకోలేదు."

డ్రైవరు నా వంక చూశాడు. వాడు నా చేతులు చూశాడో లేదో నాకు తెలీదు. అన్నయ్య నోరు మూసుకున్నాడు.

ఏప్రిల్ 5, శుక్రవారం

నన్ను కింద నుంచి తీసేశారు. ఇకనుంచి గేటు దగ్గర లారీల కాటా. లారీ వస్తే బరువు చూసి చీటీ రాసివ్వాలి. మేనేజరు మంచివాడే, ఉద్యోగం పీకలేదు. "మీ అన్న మొహం చూసి ఊరుకుంటున్నా" అన్నాడు.

నా చోట రేడియోని వేశారు. అతని అసలు పేరు ఎవరూ వాడరు. నోరు మూతపడదు కాబట్టి రేడియో. ఇంకో మూడేళ్లకి రిటైరవుతాడు. ఇల్లు కట్టుకుంటున్నాడు, బాత్రూములో వేసే టైల్స్ గురించి కనపడినవాళ్లందరికీ చెప్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు వేళ్లు కదుపుతాడు, అదే అతని సైగ. మనిషికి బద్ధకం. పక్కన నిలబడ్డ నాకే కనపడదు.

నేనేం చేశానో కాటా గదిలో కూర్చున్నాక అర్థమైంది. అన్నయ్యని కాపాడాననుకుని, నేను తప్పుకుని, ఆ బరువుల కింద రేడియోని నిలబెట్టాను.

ఏప్రిల్ 8, సోమవారం

టిఫిన్ బ్రేకులో రేడియోతో చెప్పాను. "చేతులు పెద్దగా ఊపు, పైనుంచి సరిగా కనపడదు" అన్నాను.

"తప్పు సైగ చేసి కాటాకి పోయినవాడివి నువ్వు, నాకు నేర్పుతావా?" అని నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. తర్వాత నీలం టైల్సా, తెల్లవా అని నన్నడిగాడు. తెల్లవి అన్నాను.

ఏప్రిల్ 10, బుధవారం

స్కోపుని రైఫిల్ నుంచి విప్పి టిఫిన్ సంచీలో పెట్టుకుని డ్యూటీకి తీసుకెళ్లాను. నాబ్ క్లిక్కు వేలికి సరిగా తగలడం లేదు, ఖాళీ సమయంలో తిప్పి సరిచేసుకుందామని. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

కాటా గది కిటికీలోంచి షెడ్డు మొత్తం కనపడుతుంది. లారీలు లేనప్పుడు స్కోపుని కిటికీ చట్రం మీద ఆనించి పైకి చూశాను. గాజు నిజంగా బాగుంది. కేబిన్ అద్దం మీద వేలిముద్రలు కనపడ్డాయి. అన్నయ్య మొహం చేతికందేంత దగ్గరగా వచ్చింది.

కింద రేడియో రెండు వేళ్లూ కదిపాడు. అన్నయ్య సూటిగా అటే చూస్తున్నాడు. చేతులు కదల్లేదు. తర్వాత మెడ కుడికి వంచాడు, ఎడమకి వంచాడు, కోడి గింజని చూసినట్టు. కళ్లు చికిలించాడు. పెదాలు కొరుక్కున్నాడు. నుదుటి మీద చెమట. ఆఖరికి ఏదో ఒకటిలే అన్నట్టు లీవరు తోశాడు. తోసి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

కళ్లు మూసుకున్నాడు. హుక్కుకి మూడు టన్నులు వేలాడుతుండగా, ఎక్కడా చప్పుడు రావడం లేదని తేలేదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు. అన్నయ్య మొహంలో అంత భయం నేను నాన్న పోయిన రోజు కూడా చూడలేదు.

స్కోప్ సంచీలో పెట్టేశాను. తర్వాత నాలుగు లారీలకి చీటీలు తప్పు రాశాను.

ఏప్రిల్ 11, గురువారం

మేనేజరు గది దాకా రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ బాత్రూముకి వెళ్లి వచ్చేశాను.

ఏప్రిల్ 12, శుక్రవారం

రాస్తాను. వరసగా రాస్తాను.

పదకొండింటికి కాటా ఖాళీ అయింది. షెడ్డులోకి వెళ్లాను. లారీ మీదకి సరుకు దించేశాక హుక్కు ఖాళీగా వెనక్కి వస్తోంది. అన్నయ్య దాన్ని పైకెత్తకుండా ఛాతీ ఎత్తులోనే తీసుకొస్తున్నాడు. అది కూడా ఎప్పుడూ చెయ్యని పని. రేడియో ఎవరికో టైల్స్ గురించి చెప్తున్నాడు.

మనుషులు దాటకూడని పసుపుగీత దాటి, హుక్కు వచ్చే దారి మధ్యలో నిలబడ్డాను. రెండు చేతులూ చాచి "ఆపు" పట్టాను. యార్డులో ఆ సైగ ఎవరు పట్టినా, ఊడ్చే మనిషి పట్టినా, క్రేన్ ఆగి తీరాలి. ఎందుకని అడగకూడదు. నేను చేరిన మొదటి రోజు అన్నయ్యే నాకది నేర్పాడు.

అన్నయ్య సూటిగా నావైపే చూస్తున్నాడు. నాకు స్కోప్ అక్కర్లేదు, మామూలుగానే కనపడుతున్నాడు. హుక్కు ఆగలేదు. ఆ ఇనుపముద్ద నా తలకి రెండింతలుంటుంది. ముప్పై అడుగులు. ఇరవై. నాకు భయం వేసింది, అబద్ధమెందుకు. కాళ్లు పక్కకి లాగాయి. పక్కకి తప్పుకుంటే మళ్లీ రేపు పొద్దున కాటా గదిలో కూర్చుని ఏదో ఒక సాకు వెతుక్కుంటానని నాకు తెలుసు. నిలబడ్డాను.

రేడియో నోరు ఆగిపోయింది. ఆ తర్వాత అతను చేసినంత పెద్ద సైగలు నేను జన్మలో చూడలేదు. చేతులూ, టోపీ, అరుపులూ అన్నీ అయ్యాయి. హుక్కు వస్తూనే ఉంది. రేడియో గోడ దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ కిందకి లాగేశాడు. హుక్కు ఆగి, ఊగుతూ ఊగుతూ నా ముందు రెండు బారల దూరంలో నిలిచింది. అందరూ చూశారు.

పైనుంచి అన్నయ్య, "కరెంటు పోయిందా?" అన్నాడు.

అన్నయ్య మెట్లు దిగి వచ్చాడు, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ. నేను ఇంకా అక్కడే ఉన్నాను. చేతులు దించడం కూడా మర్చిపోయాను. దారిలో మనిషున్నాడని రేడియో అరుస్తుంటే అన్నయ్య అటు తిరిగి, "ఎవడ్రా అది, దారికి అడ్డంగా నిలబడ్డాడంట?" అన్నాడు.

"నేనే అన్నయ్యా" అన్నాను.

అన్నయ్య మెడ పక్కకి వంచి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని కిందకి దించాడు.

షెడ్డు వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. మొహం కడుక్కున్నాడు. ఎన్నాళ్లయిందని అడిగాను. పోయిన వేసవి నుంచి అన్నాడు. ఎదురుగా చూసే చోటే మసక, పక్కలన్నీ కనపడతాయట. కంపెనీ కళ్ల పరీక్ష ఎలా గట్టెక్కావన్నాను. లైన్లో ముందున్న పదిమంది చదివిన అక్షరాలు విని అవే అప్పజెప్పాడట.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసు కదరా" అన్నాడు. "చేతులు అంత పెద్దగా ఎప్పుడు ఊపావు నువ్వు? మొన్న నాబ్ తిప్పకుండా నోటితో చప్పుడు చేశావు. నాకు కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు." కుళాయి కట్టేశాడు. "నా అంతట నేను దిగలేకపోయాను. పొద్దున్నే మెట్లెక్కేటప్పుడు అనుకునేవాణ్ణి, ఈరోజు వీడు నన్ను దింపేస్తాడు అని. రోజూ ఎదురుచూశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. అన్నయ్య మీద ఇంత కోపం నాకెప్పుడూ రాలేదు, నా మీద కూడా. నేను చెప్తానని అన్నయ్య, అన్నయ్య చెప్తాడని నేను. మధ్యలో ఆ లారీ డ్రైవరు, వారంగా రేడియో. ఆ పిచ్చిమనిషి టైల్స్ రంగు ఎంచుకుంటూ మా ఇద్దరి మొహమాటం కింద తిరిగాడు. నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. చంపేసేవాళ్లం, ఇద్దరం కలిసి మనిషిని చంపేసేవాళ్లం అన్నాను. అన్నయ్య తల వంచుకుని విన్నాడు. నన్ను పెంచిన మనిషి నా ముందు అలా నిలబడటం చూసి ఏడుపొచ్చింది. అరుస్తూనే ఏడ్చాను.

అన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, అదే తువ్వాలు నాకిచ్చాడు.

"నేను మేనేజరుతో చెప్తాను, నువ్వు ఇంటికి పో" అన్నాను.

"వద్దు. ఇరవై రెండేళ్లు ఎక్కినవాణ్ణి, దిగుతున్నానని నేనే చెప్తాను. లారీ వాడి సంగతి కూడా చెప్పాలి, అది నీ తప్పు కాదని."

మేనేజరు గది దాకా నేను ముందు నడిచాను, అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చాడు. అద్దాల తలుపు దగ్గర ఆగాడు.

"లోపల ఎవరున్నార్రా?"

చూసి చెప్పాను. మేనేజరు. పక్కన ఆ లారీ డ్రైవరు, మోకాలికి కట్టుతో, రిపేరు డబ్బుల కోసం వచ్చినట్టున్నాడు. గోడవారగా రేడియో. సగం షిఫ్టు మనుషులు అప్పటికే అక్కడున్నారు.

"చాలామందే ఉన్నారన్నయ్యా. కాసేపాగి వద్దామా?"

"ఉండనీ" అని అన్నయ్య నా భుజం మీంచి చెయ్యి తీసి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.